భారమంతా ముందు చక్రాలదే

మా ఇంట్లో కారు అంటే చాలా ఏళ్లపాటు అంబాసిడరే. విజయవాడలో నాన్నగారికి ధాన్యం కొట్టు ఉండేది. సంక్రాంతికి ఊరెళ్లాలన్నా, పెళ్లిచూపులకు కదలాలన్నా, రెండు బియ్యం బస్తాలు బంధువులింటికి చేరవేయాలన్నా ఆ తెల్ల బండే దిక్కు. పెద్దవాళ్లు కిటికీల పక్క సర్దుకున్నాక వెనక సీటు నడిమి చోటు నాకు దక్కేది. అక్కడ కాళ్లు ఆనించుకోవడానికి నేల ఉండదు. ముందు నుంచి వెనకదాకా రేకు గట్టు ఒకటి లేచి ఉంటుంది. దానికి అటొక కాలు, ఇటొక కాలు వేసుకుని కూర్చోవాలి. ఆ గట్టు కింద పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్టు తిరుగుతుందనీ, ముందున్న ఇంజను బలాన్ని వెనక చక్రాలకు చేరవేసేది అదేననీ మా డ్రైవరు చెప్పేవాడు. దూరప్రయాణమైతే గట్టు వేడెక్కి పాదాలకు చురుక్కుమనేది.

నాన్నగారి స్నేహితుడికి ప్రీమియర్ పద్మిని ఉండేది. అదీ అంతే, ఇంజను ముందు, తోపు వెనక. జీపు, లారీ, ఎర్రబస్సు అన్నీ అలాగే. బండి అంటే వెనక నుంచి తోసుకుంటూ పోయేదేనన్నది మాకు ఎవరూ చెప్పనక్కర్లేని సంగతి.

1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళాలు దాన్ని కొనుక్కున్నాయన చేతికి అందాయి. ఆ ఫొటో పేపర్లో చూశాం. ధర యాభై వేల ప్రాంతంలో ఉండేది. డబ్బు కట్టి వంతు కోసం కాచుకోవాలి. మా వీధిలోకి అది రావడానికి మరికొంత కాలం పట్టింది. పిల్లల డాక్టరు గారు కొన్నారు. అందరూ దాని రంగు చూస్తుంటే నేను వెనక తలుపు తీసి నేల చూశాను. కాస్త మిట్ట తప్ప గట్టు లేదు.

డాక్టరు గారు ఆయిలు మార్పించడానికి ఆటోనగర్ వెళ్తుంటే వెంటపడి వెళ్లాను. అప్పటి ఆటోనగర్ అంటే లారీ బాడీలు కట్టే చోటు, బస్సు ఇంజన్లు దించే చోటు. అంబాసిడర్‌ను కళ్లు మూసుకుని విప్పి బిగించే మేస్త్రులు వీధికి నలుగురుండేవారు. బానెట్ ఎత్తగానే షెడ్డులో పనులు ఆగిపోయాయి. ఇంజను నిలువుగా కాకుండా అడ్డంగా కూర్చుంది. మేస్త్రి బండి వెనక్కి వెళ్లి నేలకు చెంప ఆనించినంత పని చేసి కిందకు చూశాడు. హౌసింగ్ లేదు, క్రౌన్ పినియన్ లేదు, క్రాస్ జాయింటు లేదు.

“ఏంటండీ డాక్టరు గారూ, వెనక చక్రాలు ఉత్తినే దొర్లుతున్నాయా?” అన్నాడు.

పక్క షెడ్డులో లారీ బాడీలకు చెక్కపని చేసే పెద్దాయన బీడీ ఆర్పి లేచొచ్చాడు. “ఎద్దుల్ని బండికి ముందు కడతారా, వెనక కడతారా? జపానోడికి ఇన్నాళ్లకి తెలిసొచ్చింది” అన్నాడు. అందరూ నవ్వారు గానీ ఎవరికీ నమ్మకం కుదరలేదు. బండి చిన్నది, బోలెడు సున్నితం, మన రోడ్లకు ఏడాది ఆగదని తేల్చేశారు.

నిజానికి ఆ సంగతి జపాను కంటే ముందే ఐరోపాకు తెలుసు. ఫ్రాన్సులో సిత్రోయెన్ 1934లోనే ముందు చక్రాలు లాగే కారును పెద్దఎత్తున అమ్మింది. 1956 సూయజ్ సంక్షోభంలో పెట్రోలుకు కటకట వచ్చాక, ఇంగ్లండులో అలెక్ ఇసిగోనిస్ 1959లో మినీ తయారుచేశాడు. ఇంజనును అడ్డంగా తిప్పి, గేర్‌బాక్సును దాని కిందే, అదే ఆయిల్లో పెట్టేశాడు. పది అడుగుల బండిలో నలుగురు పట్టారు. తర్వాత ఇటలీలో ఫియట్ ఇంజనీరు డాంటే జకోసా ఇంకో దారి తొక్కాడు. ఇంజను, దాని పక్కనే గేర్‌బాక్సు, రెండూ ఒకే వరుసలో అడ్డంగా పెట్టాడు. చక్రాలకు వెళ్లే షాఫ్టులు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు అయినా సరేననుకున్నాడు. 1964లో ఆటోబియాంకి ప్రిములాలో పరీక్షించి, 1969లో ఫియట్ 128లో స్థిరపరిచాడు. ఇవాళ మన రోడ్ల మీదున్న చిన్న కార్లలో దాదాపు అన్నీ జకోసా పద్ధతివే. మన పద్మినికి మూలమైన ఫియట్ 1100 కూడా ఆయన చేతి పనే. వెనక నుంచి తోసే బండినీ, దాన్ని ఇంటికి పంపిన బండినీ గీసింది ఒకే మనిషి.

ఈ అమరిక గెలిచింది నడపడానికి గొప్పగా ఉంటుందని కాదు. పొడుగు షాఫ్టు, వెనక హౌసింగ్ తీసేస్తే బరువు తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది, లోపల చోటు మిగులుతుంది. అందుకు బదులుగా చాకిరీ అంతా ముందు చక్రాల నెత్తిన పడుతుంది. బండిని లాగేవి అవే, తిప్పేవి అవే, బ్రేకు నొక్కితే ఎక్కువ భారం ఆపేవీ అవే. వెనకవి వెంట వస్తాయి. ఈ బేరాన్ని ఒక్కో బండి ఒక్కో రకంగా కుదుర్చుకుంటుంది. ఇంజను ఎక్కడ కూర్చోవాలి, ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ ఎంత దూరం ఉండాలి, సస్పెన్షన్ ఎక్కడ బిగించాలి, గుద్దుకుంటే ఆ దెబ్బ ఏ దారిన పోవాలి, ఈ లెక్కంతా కలిపి కంపెనీల వాళ్లు ప్లాట్‌ఫామ్ అంటారు. పైన వేసే రేకు, పెట్టే పేరు తర్వాతి మాట. ఒకే ఇంజనున్న రెండు వేర్వేరు బండ్లను పక్కపక్కన నడిపే యోగం ఉద్యోగం పుణ్యమా అని నాకు దొరికింది. ప్లాట్‌ఫామ్ సంగతి నాకు బోధపడింది అక్కడే.

చదువయ్యాక ఒక విత్తనాల కంపెనీలో చేరాను. కృష్ణా, ఉభయ గోదావరి జిల్లాల్లో తిరుగుడు. సెకండ్ హ్యాండులో ఒక 800 కొన్నాను, 1986లో వచ్చిన రెండో రూపం. ఆఫీసుకు మారుతి వ్యాను ఉండేది, తర్వాత ఆమ్నీ అని పేరు మార్చుకున్నది. రెండింట్లోనూ ఒకే 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను. కానీ వ్యానులో అది ముందు సీట్ల కింద నిలువుగా ఉండి వెనక చక్రాలను తిప్పేది.

వానకు తడిసిన కాలవగట్టు మీద ఖాళీ వ్యాను నడపాలంటే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. వెనక బరువు లేక చక్రం జారేది, తోక పక్కకు తిరిగేది. అదే గట్టు మీద 800 ముక్కు ఎటు చూపిస్తే అటు పోయేది. బండి మొత్తం 650 కిలోలకు అటూఇటూ. ఒక్కణ్ణే ఉంటే అందులో ఎక్కువ భారం ముందు ఇరుసు మీదే ఉంటుంది. లాగే చక్రాల మీద బరువుంటే వాటికి నేల పట్టు దొరుకుతుంది. వ్యానులో విత్తనం బస్తాలు పడగానే సంగతి తారుమారయ్యేది. బస్తాల బరువంతా తోసే చక్రాల మీదికి వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు అది ఇంకాస్త వెనక్కి జరిగి పట్టు ఇంకా పెరుగుతుంది. మూలుగుతూనైనా వ్యాను ఎక్కేసేది.

దీన్ని నేను కళ్లారా చూసింది మారేడుమిల్లి దగ్గర. వానాకాలం, మొక్కజొన్న విత్తనాలు ఇవ్వాల్సిన పని. వ్యాను వేరే ఊళ్లో ఉండటంతో బస్తాలు 800లోనే వేశాం. వెనక సీటు మీద ఒకరు, ఆయన పక్కన బస్తాలు, డిక్కీలో ఇంకొన్ని. రంపచోడవరం దాటి ఘాట్ దాకా హాయిగా వచ్చింది. తారురోడ్డు వదిలి ఊళ్లోకి తిరిగాక ఎర్రమట్టి ఎత్తు ఒకటి అడ్డొచ్చింది. సగం ఎక్కేసరికి ముందు చక్రాలు మట్టిని గీరుతూ ఒక్కచోటే తిరగడం మొదలుపెట్టాయి. వెనకనున్న మనిషి దిగి తోసినా, గేరు మార్చి చూసినా లాభం లేదు. బస్తాలు తోకను కిందకు లాగుతుంటే ముక్కు తేలిపోయి చక్రాలకు నేల అందడం లేదు.

కింద జీపు ఆపుకుని చూస్తున్న డ్రైవరు కుర్రాడు నింపాదిగా నడిచొచ్చాడు.

“ఆయ్, అలా ఎక్కదండి. కిందకి దింపేసి, బండి తిప్పి, రివర్సులో ఎక్కించండి బాబూ.”

“రివర్సులోనా?”

“ఎక్కిపోద్దండి. నేను చెప్తున్నా కదా.”

దింపి, తిప్పి, రివర్సు గేరు వేశాను. ఇప్పుడు బండి తోక కొండవైపు, ముక్కు పల్లంవైపు. ఎత్తు మీద బరువెప్పుడూ పల్లానికే జరుగుతుంది, లాగే చక్రాలు ఇప్పుడు అక్కడే ఉన్నాయి. కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసుకుంటూ క్లచ్ వదిలాను. గేర్‌బాక్సు గీపెట్టింది. చక్రాలు ఒక్క చుట్టు జారి మట్టిని కరిచాయి. ఊళ్లో పిల్లలు బండి వెనక్కి నడుస్తూ కొండెక్కుతోందని కేకలేస్తూ వెంట పరిగెత్తారు. పైకి చేరాక ఆ కుర్రాడి వైపు చూస్తే ఆకు కొసతో పళ్లు కుట్టుకుంటూ జీపెక్కుతున్నాడు. భౌతికశాస్త్రం పుస్తకంలో చదివింది ఒక ఎత్తు, అతగాడు చెప్పింది ఒక ఎత్తు.

ఆ ఏజెన్సీ రాళ్లకే కాబోలు, తర్వాత స్టీరింగ్ పూర్తిగా తిప్పి బండి మలిపితే ఎడమ చక్రం దగ్గర టకటకమని చప్పుడు మొదలైంది. ఆటోనగర్ తీసుకెళ్లాను. మొదటి 800ని చూసి హౌసింగ్ ఏదని వెతికిన మేస్త్రే ఆ పాటికి ఫ్రంట్ వీల్ బండ్లకు పెట్టింది పేరు. జాకీ ఎత్తి, చక్రం విప్పి, హబ్బు నట్టు ఊడదీసి, లోయర్ ఆర్మ్ కిందకు నొక్కి డ్రైవ్ షాఫ్టును బయటికి లాగాడు. దాని కొసన నల్లటి రబ్బరు బూటు మడతల్లో గోరంత చిరుగు కనిపించింది. బూటు కోసేసి, కిరసనాయిలుతో గ్రీజు కడిగి, జాయింటును అరచేతిలో పెట్టి చూపించాడు. గిన్నె ఆకారపు ఉక్కు ముక్క, దాని లోపల పంజరం, పంజరంలో ఆరు ఉక్కు గోళీలు. ఒక్కో గోళీకి ఒక్కో గాడి. బొటనవేలితో పంజరాన్ని వంచి గోళీలు ఒక్కొక్కటే తీసి పాత పేపరు మీద వరసగా పేర్చాడు. గాడిలో ఒకచోట ఉక్కు పెచ్చు లేచి, గోరు పెడితే తగులుతోంది. గ్రీజులో దుమ్ము కలిసి సానరాయి పొడిలా తయారైంది.

“ప్రొపెల్లర్ షాఫ్టు పనేముంది సార్, తిన్నగా తిరగడమే. ఇది చక్రంతో పాటు పక్కకు వంగాలి, వంగి కూడా తిరగాలి, తిరుగుడులో ఎక్కడా కుదుపు రాకూడదు. ఈ ఆరు గోళీల మీదే బండంతా నడుస్తుంది. బూటు చిరిగిన రోజే మారిస్తే గ్రీజుతో పోయేది. ఇప్పుడిక జాయింటే మార్చాలి” అన్నాడు.

అప్పటి నుంచి ఏ బండి కొన్నా, ఎవరి బండి ఎక్కినా, ముందు చక్రం వెనక చెయ్యి పెట్టి బూటు తడమడం నాకు అలవాటైపోయింది. వేళ్లకు గ్రీజు అంటిందంటే ఆ బండి ఖర్చుకు తయారుగా ఉన్నట్టే.

800 తర్వాత జెన్ వచ్చింది. 1993లో దాన్ని తెచ్చినప్పుడు ఇంజను మొత్తం అల్యూమినియంతో చేశారని మేస్త్రులు గొప్పగా చెప్పుకొన్నారు. 993 సీసీ, నాలుగు సిలిండర్లు, ఐదు గేర్లు. ఇనుప దిమ్మె పోవడంతో ముందు భారం తగ్గి, చేతుల్లో బండి గాలికి తేలినంత తేలికగా ఉండేది. ఇక్కడ తయారైన జెనే ఐరోపాలో సుజుకి ఆల్టో పేరుతో అమ్ముడుపోయింది. ఒంటరివాడికి అంతకు మించిన బండి ఇంకోటి ఉంటుందని నేననుకోను. కానీ ఇంట్లో నలుగురం ఐదుగురమయ్యాం, నాన్నగారికి మోకాళ్లు పట్టేశాయి.

అలా 2001లో డీజిల్ ఇండికా వీ2 మా గుమ్మం ముందు నిలిచింది. లారీలు, సుమోలు చేసే టాటా వాళ్లు 1998లో తొలిసారి ముందు చక్రాలు లాగే కారు చేశారంటే ఆటోనగర్లో చాలామంది నమ్మలేదు. రెండు ఇరుసుల మధ్య దూరం 2400 మిల్లీమీటర్లు, అంబాసిడర్‌కు 2464. బండి పొడుగు చూస్తే ఎంతో తక్కువ, కూర్చునే చోటు చూస్తే దాదాపు అంతే. ప్లాట్‌ఫామ్ గొప్ప అంటే అదే. ఇంటికి తెచ్చిన రోజు నాన్నగారు కిటికీ పక్కకు కాకుండా వెనక సీటు నడిమికి జరిగి కూర్చుని, కాళ్లు చాపి, కింద చూసుకుని, “ఒరేయ్, గట్టు లేదురా” అన్నారు. కొత్త బండి గురించి ఆయన మెచ్చుకుంటూ అన్న మాట అదొక్కటే.

1405 సీసీ డీజిల్ ఇంజను అంటే ముక్కు మీద మంచి బరువు. జెన్ నడిపిన చేతికి ఆ తేడా మొదటి మలుపులోనే తెలిసింది. ఫ్రంట్ వీల్ బండి ఏదైనా మలుపులో వేగం ఎక్కువైతే ముక్కు బయటివైపుకు పోతానంటుంది. లాగడం, తిప్పడం రెండు పనులూ ఒకే టైరు చేయాలి కాబట్టి, లాగుడు ఎక్కువైతే తిరుగుడుకు పట్టు మిగలదు. ముక్కు బరువైన కొద్దీ ఆ స్వభావం పెరుగుతుంది. కంగారుపడి బ్రేకు తొక్కకుండా ఆక్సిలరేటరు మీద కాలు కాస్త తేలిక చేస్తే ముక్కు మళ్లీ లోపలికి వస్తుంది. తిరుమల రెండో ఘాట్‌లో ఐదుగురం, సామానుతో పైకి వెళ్తున్నప్పుడు ఆ బరువే మేలు చేసింది. అదే భారంతో 800 అయితే వాన చినుకులకు తడిసిన హెయిర్‌పిన్ మలుపుల్లో లోపలి చక్రం జారి కీచుమనేది. ఇండికా ముక్కు నేలకు ఆనుకుని, పొగ వదులుకుంటూ, ఒక్కసారీ జారకుండా ఎక్కింది. తేలిక ముక్కు మంచిదా, బరువు ముక్కు మంచిదా అన్న ప్రశ్నకు ఇంతకన్నా జవాబు లేదు. చదునులో తేలికదే సుఖం, నిండు బండితో ఎత్తులో బరువుదే పట్టు.

బరువు ముక్కుకు కప్పం కట్టేది టైర్లు. ముందువి అరిగినంత త్వరగా వెనకవి అరగవు. టైర్ల కొట్టులో ఎప్పుడూ ఒకటే వాదన. రెండే కొత్త టైర్లు కొంటే ఎక్కడ వేయాలి? కొట్టు కుర్రాడు ముందు వేస్తానంటాడు, లాగేవి అవే కదా అని. కానీ కొత్తవి వెనక వేయాలని టైర్ల కంపెనీలే చెబుతున్నాయి. తడిరోడ్డు మీద ముందు టైరు జారితే బండి తిన్నగా పోతుంది, స్టీరింగులో తెలుస్తుంది, కాలు తేలిక చేస్తే సర్దుకుంటుంది. వెనక టైరు జారితే మాత్రం చెప్పాపెట్టకుండా తోక తిరిగిపోతుంది, మామూలు మనిషి దాన్ని పట్టలేడు. ఈ మాట చెప్పి ఒప్పించేసరికి కుర్రాడి టీ చల్లారిపోయేది. “మీ ఇష్టం సార్” అనే తప్ప ఒప్పుకున్నవాడు లేడు.

ఒకే ఇంజనున్న బండ్ల రెండో జంట 2010 ప్రాంతంలో కుదిరింది. నేను డీజిల్ స్విఫ్ట్ కొన్నాను, ఆఫీసులో నా తోటి ఆయన ఫియట్ పుంటో కొన్నారు. రెండింట్లోనూ ఉన్నది ఫియట్ వాళ్ల 1248 సీసీ మల్టీజెట్ ఇంజనే. అదే ఇంజను ఇండికా విస్టాలోనూ ఉండేది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. రెండు బండ్లకూ ముందు మెక్‌ఫెర్సన్ స్ట్రట్లు, వెనక టార్షన్ బీమ్. కాగితం మీద చూస్తే కవలలే.

హైదరాబాద్ మీటింగుకు రెండు బండ్లలో బయల్దేరాం. పాత 9వ నంబరు జాతీయ రహదారిని నాలుగు వరుసలు చేస్తున్న రోజులు. నందిగామ దాటితే చాలు, మంచి రోడ్డు, గతుకుల డైవర్షన్, మళ్లీ మంచి రోడ్డు. కోదాడలో టిఫిన్ తిన్నాక తాళాలు మార్చుకున్నాం. పుంటో తలుపు వేయగానే దాని బరువు చేతికి తెలిసింది. డైవర్షన్‌లో కంకర తేలిన మట్టి మీదికి దిగితే స్విఫ్ట్‌లో నడుముకు తగిలే కుదుపు ఇందులో చక్రం దగ్గరే ఆగిపోయింది. పుంటో ఇరుసుల మధ్య దూరం 2510, నా స్విఫ్ట్‌ది 2390. ఆ పన్నెండు సెంటీమీటర్ల తేడాకు పైన ఉన్న బరువు కూడా తోడై, వంతెనల అతుకుల మీద బండి ఊగకుండా ఒకే అడుగులో దాటేది. హైడ్రాలిక్ స్టీరింగులో రోడ్డు గరుకు వేళ్లకు అందేది. లారీని దాటడానికి కాలు నొక్కితే మాత్రం పుంటో ఆలోచించుకుని కదిలేది. నా స్విఫ్ట్ అదే ఇంజనుతో ఎగిరి దూకేది, దూకేటప్పుడు రెండో గేరులో స్టీరింగు ఒక పక్కకు చిన్నగా గుంజేది. పొట్టి షాఫ్టు, పొడుగు షాఫ్టు పెట్టిన జకోసా ఆ గుంజుడు రూపంలో నన్ను పలకరించేవాడు.

సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు ఆయన నా తాళాలు నా చేతిలో పెట్టి, “మీ బండి ఊళ్లో బాగుంటుందండీ, ఇలాంటి రోడ్డుకు నాదే నయం” అన్నారు. నేను అనబోయిన మాటా అదే. ఇంజను ఒకటే, మైలేజీ ఇంచుమించు ఒకటే. తేడా అంతా దాన్ని మోస్తున్న చట్రంలో ఉంది.

చట్రం ఎంత పనిచేస్తుందో 2014 జనవరిలో ఇంకో రకంగా బయటపడింది. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్మే చిన్న కార్లను గోడకు గుద్ది ఫలితాలు ప్రకటించింది. ఎయిర్‌బ్యాగులు లేని ఫోక్స్‌వ్యాగన్ పోలోకు పెద్దవాళ్ల రక్షణలో సున్నా నక్షత్రాలు వచ్చాయి, రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకు నాలుగు వచ్చాయి. చట్రం గట్టిదే, నలగలేదు. లోపలి మనిషికి ఆసరా లేకపోవడమే సున్నాకు కారణం. కొన్ని ఇతర కార్లలో చట్రమే నిలవలేదు, వాటికి ఎయిర్‌బ్యాగు పెట్టినా పెద్దగా ఫలితం ఉండదన్నారు. ఆ వార్త చదివాక బండి కొనడానికి వెళ్లినవాళ్లు మైలేజీతో పాటు నక్షత్రాలు కూడా అడగడం నేను చూశాను.

ఇప్పుడు ప్లాట్‌ఫామ్ పేర్లే ప్రకటనల్లోకి ఎక్కాయి. నా దగ్గరున్న బలేనో సుజుకి వాళ్ల హార్టెక్ట్ మీద కట్టింది. ఎదురింటాయనది టొయోటా గ్లాంజా. బానెట్ కింద, సీట్ల కింద, చక్రాల వెనక రెండూ ఒకటే బండి. ఆయనకు టొయోటా అన్న పేరంటే భరోసా, నాకు మారుతి సామాను ప్రతి వీధిలో దొరుకుతుందన్న భరోసా. ఒకసారి ఇద్దరం ఒకే షెడ్డులో ఒకే రకం బ్రేకు ప్యాడ్లు వేయించుకున్నాం.

మావాడు హైదరాబాద్‌లో వర్టస్ నడుపుతాడు. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల ఎమ్‌క్యూబీ ప్లాట్‌ఫామ్‌ను మన దేశానికి తగ్గట్టు మార్చి కట్టినది, ఇరుసుల మధ్య 2651 మిల్లీమీటర్లు. ఆ ప్లాట్‌ఫామ్ మీద సెడాన్లయినా, ఎస్‌యూవీలయినా ముందు ఇరుసుకూ పెడళ్లకూ మధ్య దూరం మారదు. మిగతా కొలతలు సాగదీసుకుంటారు. 999 సీసీ మూడు సిలిండర్ల ఇంజను, టర్బో ఉంది. మూడు సిలిండర్లే కదా అని నా 800ని తలుచుకుని ఎక్కాను. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి వెళ్లే మలుపు ర్యాంపులో, వాన నీళ్ల మీద, కావాలనే కాస్త వేగంగా తిప్పాను. ముక్కు బయటికి పోబోయింది. నా కాలు ఆక్సిలరేటరు మీద తేలికయ్యేలోపే మీటరులో పసుపు దీపం మినుకుమంది, ఒక చక్రానికి దానంతటదే బ్రేకు పడింది, బండి గీత తప్పలేదు.

“నాన్నా, ఈఎస్‌సీ ఉంది. అది చూసుకుంటుంది” అన్నాడు మావాడు.

నేను ఏళ్ల తరబడి పాదంతో నేర్చుకున్నది దానికి పుట్టుకతోనే తెలుసు. అయినా టైరు అరిగితే అదీ ఏం చేయలేదని మావాడికి చెప్పాను. విన్నాడో లేదో తెలీదు.

ఈలోపు చక్రం ఇంకో తిరుగుడు తిరిగింది. 2024లో మహీంద్రా తెచ్చిన బీఈ 6 విద్యుత్ కారులో మోటారు వెనక ఉంది, వెనక చక్రాలనే తిప్పుతుంది. మోటారు చిన్నది, నేరుగా ఇరుసు దగ్గరే కూర్చుంటుంది. దానికి పొడుగు షాఫ్టు అక్కర్లేదు, కాబట్టి గట్టూ లేదు. చోటు మిగలడం కోసం ముందు చక్రాల మీద వేసిన బరువును చోటు పోకుండానే మళ్లీ వెనక్కి పంపొచ్చన్నమాట. అన్ని కంపెనీలూ ఆ దారిన పోవడం లేదు. ముందు చక్రాలే తిప్పే విద్యుత్ కార్లు ఇంకా చాలానే ఉన్నాయి. కానీ తప్పనిసరి అనుకున్నది ఇప్పుడు ఇష్టాన్ని బట్టి అయింది.

మా మేనల్లుడికి కడియం దగ్గర మొక్కల నర్సరీ ఉంది. ఆ మధ్య ఫోన్ చేశాడు. “మావయ్యా, పాత స్విఫ్ట్ ఒకటి మంచి రేటుకు వస్తోంది. ఇంటికీ ఉంటుంది, మొక్కలు వేసుకుని తిరగడానికీ ఉంటుంది. తీసుకోమంటావా?”

రెండు ప్రశ్నలు అడిగాను. రోజూ ఎంత బరువు వేస్తావు, ఎలాంటి దారిన పోతావు అని. మట్టితో ఉన్న కుండీలు, తోటల్లో తడిసిన బాట అన్నాడు. ఇంటికైతే స్విఫ్ట్ కొను, మొక్కలకు దాన్ని వాడకు అన్నాను. వెనక సీటు మడిచి కుండీలు నింపితే ముక్కు తేలుతుంది, ఆ తడి బాట మీద నువ్వూ రివర్సులో నడపాల్సి వస్తుంది. మొక్కలకు ఈకో వ్యాను తీసుకో, దానికి తిరిగేవి వెనక చక్రాలు అని చెప్పాను. వాడు రెండూ కొన్నాడు. స్విఫ్ట్‌ను చూడటానికి నన్నే తీసుకెళ్లాడు. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పించి ఖాళీ స్థలంలో గుండ్రంగా నడిపించాను, తర్వాత రెండో పక్కకు. టకటక లేదు. టైర్ల లోపలి అంచులు సమంగా అరిగాయి. బూట్లు తడిమితే వేళ్లు పొడిగా వచ్చాయి. అప్పుడే రంగూ, సీటు కవర్లూ చూడమన్నాను.

వాడి రెండు బండ్లలోనూ ఉన్నవి 1197 సీసీ కె సిరీస్ ఇంజన్లే. స్విఫ్ట్‌లో ముందు చక్రాలు లాగుతాయి, ఈకోలో వెనకవి తోస్తాయి. వాడిప్పుడు ఎవరికైనా బండి సలహా ఇచ్చేటప్పుడు కంపెనీ పేరు చెప్పడం మానేశాడు. ముందు ఎంత బరువు వేస్తావని అడుగుతున్నాడు.